శ్రీనూకి, పౌచ్ మీద ఆ ముద్ర గురించి

గుంటూరు, అరండల్‌పేట

ఒరేయ్ శ్రీనూ,

నువ్వు పంపిన పౌచ్ డిజైను నిన్న రాత్రి చూశాను. రంగు బాగుంది, మిరపకాయ బొమ్మ బాగుంది, కారానికి అమ్మ పేరు పెట్టడం అన్నిటికంటే బాగుంది. కానీ కింద మూలన ఆకుపచ్చ ముద్రలా గుండ్రంగా "బాల కార్మికులు లేకుండా తయారైనది" అని వేయించావే, అక్కడ ఆగిపోయాను. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో అడ్డం పడతావు, నేను గొంతు పెంచుతాను, చివరికి ఇద్దరం ఇంకేదో మాట్లాడుకుని పెట్టేస్తాం. అందుకే కూర్చుని రాస్తున్నాను. ప్రింటింగ్ వాళ్లకి సిలిండర్లు చేయమని చెప్పకముందే ఇది మొత్తం చదువు.

నువ్వు ఆ మాట అమ్మకాల కోసం రాయించలేదని నాకు తెలుసు. విజయవాడ పటమటలో మీ ఇంటి వెనక షెడ్డులో కాయలు ఏరేది, పొడి కొట్టించేది, తూకం వేసేది అమ్మ, చెల్లెమ్మ, ఇంకో ఇద్దరు పెద్ద ఆడవాళ్లు. అక్కడ పిల్లలెవరూ లేరు కాబట్టి ఆ మాట నిజమే అనుకున్నావు. కానీ కారం మీ షెడ్డులో మొదలవదు కదరా. గొల్లపూడి హోల్‌సేల్ షాపులో కొన్న బస్తా అంతకుముందు ఒక కమీషన్ వ్యాపారి దగ్గర ఉంది, దానికి ముందు కోల్డ్ స్టోరేజీలో ఉంది, దానికి ముందు కల్లంలో ఎండింది, అన్నిటికంటే ముందు ఎవరో వంగి ఒక్కో కాయా కోశారు. ఆ కోసిన చెయ్యి ఎవరిదో నీకు బస్తా అమ్మిన వాడికీ తెలియదు.

నా ఉద్యోగం సంగతి నీకు తెలుసుగా, ఎగుమతి కాగితాలు చూడటమే నా పని. ప్రతి లాటుకీ రంగు చూస్తారు, ఘాటు చూస్తారు, పురుగుమందుల అవశేషాలు చూస్తారు. యూరప్‌కి వెళ్లే మిరపలో అఫ్లటాక్సిన్, అంటే బూజు నుంచి వచ్చే విషం, మొత్తం కలిపి కిలోకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు, అంటే కంటికి కనిపించడం మాట అటుంచు, ఊహకి కూడా అందనంత తక్కువ, అయినా ల్యాబులో దొరికిపోతుంది. 2003లో అక్కడ మన మిరప ఉత్పత్తుల్లో సుడాన్ అనే తినకూడని రంగు దొరికాక దానికీ టెస్టు పెట్టారు. ఇన్ని టెస్టులు పాసైన కాయని తెచ్చి, దీన్ని పెద్దమనిషి కోశాడా పదేళ్ల పిల్ల కోసిందా చెప్పమంటే ప్రపంచంలో ఏ ల్యాబూ చెప్పలేదు. పిల్ల చెయ్యి కాయ మీద ఏ గుర్తూ వదలదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉందిరా. ఐఎస్ఐ మార్కు కోసమైతే వస్తువుని పరీక్షించి చూడొచ్చు, ఈ ముద్ర వేయాలంటే మనిషి చేలోకి వెళ్లి చూసి రావాలి.

పోయిన సంవత్సరం మార్చిలో శాంపిల్ కోసం ప్రత్తిపాడు వైపు ఒక చేలోకి వెళ్లాను. కోతకి వచ్చిన వాళ్లంతా కర్నూలు వైపు ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు. నువ్వూ చూసే ఉంటావు, వానలు సరిగ్గా పడని ఏడు అక్కడి ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయి లారీల్లో, రైళ్లలో ఇటు వస్తాయి, ముందు పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరప కోతకి. చేను గట్టు మీదే పట్టాలతో గుడారాలు కట్టుకుని ఉంటారు. వాళ్లలో ఒక పిల్ల ఉంది, పన్నెండేళ్లుంటాయేమో, తలకి తువ్వాలు చుట్టుకుని తల్లి పక్క సాలులో కోస్తోంది. ఏం చదివావమ్మా అంటే "ఐదు దాకా చదివినా సార్" అంది. చేతులు చూపించమంటే సిగ్గుపడి వెనక్కి పెట్టుకుంది. వాళ్లమ్మే చెప్పింది, రాత్రిళ్లు మంటకి నిద్రపట్టక ఏడుస్తుందట, కొబ్బరినూనె రాసి పడుకోబెడుతుందట.

సాయంత్రం కాటా వేసే దాకా ఉన్నాను. కోత కిలో లెక్కన. బిడ్డ కోసిన కాయ తల్లి బస్తాలో కలిసిపోయింది, బస్తా కాటా ఎక్కింది, మేస్త్రి పుస్తకంలో తల్లి పేరు రాసుకున్నాడు. అంతే. రేపు ఎవరైనా వచ్చి ఆ పుస్తకం తిరగేస్తే ఒక్క పిల్ల పేరూ కనపడదు, అందులో ఒక్క అబద్ధం కూడా ఉండదు. కిలో లెక్క అన్నప్పుడు ఎన్ని చేతులుంటే అంత కూలి, మరి పిల్లని గుడారంలో ఒంటరిగా వదిలి వచ్చే తల్లి ఎవరు చెప్పు? నేను ఆ తల్లిని తప్పుపట్టలేను, నువ్వూ పట్టలేవు.

రెండు నెలల తర్వాత మా కంపెనీకి ఆడిట్ వచ్చింది. విదేశీ కొనుగోలుదారు అడిగాడట, పిల్లల చేత పని చేయించడం లేదని సర్టిఫికెట్ కావాలని. పది రోజుల ముందే తేదీ చెప్పారు. వచ్చినాయన మర్యాదస్తుడే, గేటు దగ్గర బోర్డు ఫొటో తీసుకున్నాడు, హాజరు పట్టీలు చూశాడు, తొడిమలు తీసే ఆడవాళ్ల ఆధార్ కార్డులు చూశాడు, ఇద్దరు ముగ్గురితో మాట్లాడాడు. మా దగ్గర నిజంగానే పిల్లలెవరూ లేరు. మధ్యాహ్నానికల్లా పని పూర్తి. చేల గురించి ఫారంలో ఒకే ఒక్క ప్రశ్న ఉంది, మీకు సరుకు వచ్చే చోట్ల బాల కార్మికులు ఉన్నారా అని, దానికి 'లేరు' అని టిక్కు పెట్టమన్నారు, పెట్టింది నేనే. ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకోవడం గుర్తొస్తూనే ఉంది, అయినా పెట్టాను. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

లోకంలో ఇలా పనుల్లో ఉన్న పిల్లల లెక్క చూస్తే ఇంకా అర్థమవుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ), యూనిసెఫ్ కలిసి 2025లో ఇచ్చిన అంచనా ప్రకారం 13 కోట్ల 80 లక్షల మంది, వాళ్లలో 61 శాతం వ్యవసాయంలోనే. ముద్రలు అడిగేదీ ఆడిట్లు చేసేదీ ఎక్కువగా గేటూ గోడా ఉన్న చోట. పిల్లలు ఎక్కువగా ఉన్నది గేటూ గోడా లేని చోట.

అలాగని ముద్ర అనేదే దండగ అని నేననడం లేదు. సరిగ్గా చేసినవాళ్లు ఉన్నారు. కైలాష్ సత్యార్థి పేరు విన్నావుగా, 2014లో మలాలాతో కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చినాయన. ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్, భదోహి వైపు తివాచీ మగ్గాల మీద పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్లు, చిన్న వేళ్లయితేనే ముడి బాగా పడుతుందని వ్యాపారులు చెప్పుకునేవాళ్లు, అసలు సంగతి చిన్న వేళ్లకి చిన్న కూలి ఇస్తే సరిపోతుందని. ఆయన, ఇంకొందరు కలిసి 1994లో రగ్‌మార్క్ అని ముద్ర మొదలుపెట్టారు, 2009 నుంచి దాని పేరు గుడ్‌వీవ్. అందులో నాకు నచ్చింది పద్ధతి. ఎగుమతిదారుడు తన దగ్గర పనిచేసే మగ్గాలన్నీ ఎక్కడెక్కడున్నాయో చెప్పాలి, ఇళ్లలో ఉన్నవి కూడా. తనిఖీకి వచ్చేవాళ్లు చెప్పకుండా వస్తారు. ఒక్కో తివాచీకి ఒక్కో నంబరున్న లేబులు. పిల్లవాడు దొరికితే పంపేసి చేతులు దులుపుకోరు, ఇంటికి చేర్చడం, బడిలో వేయడం వాళ్లే చూస్తారు, దానికి కావలసిన డబ్బులో కొంత విదేశాల్లో కొనేవాళ్లు కట్టే ఫీజులోంచి వస్తుంది. ఇప్పుడు మన బంగారం మీద హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు ఉంటుంది చూడు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా అమ్మకూడదన్నారు, ఫోన్లో కొట్టి చూసుకోవచ్చు. అలా వెనక్కి పట్టుకుని వెళ్లడానికి ఒక దారం ఉండాలి. నీ పౌచ్ మీద ముద్రకి నంబరేది, చూసి వచ్చిన మనిషేడి?

పిల్లవాడు దొరికాక ఏం చేస్తామన్నదాన్ని తేలిగ్గా తీసుకోకు. 1992లో అమెరికాలో సెనేటర్ టామ్ హార్కిన్ ఒక బిల్లు పెట్టాడు, పిల్లలు చేసిన వస్తువుల దిగుమతి ఆపాలని. బిల్లు పాస్ కాలేదు, కానీ ఆ భయానికే బంగ్లాదేశ్ బట్టల ఫ్యాక్టరీలు పిల్లల్ని తీసేశాయి, యూనిసెఫ్ లెక్కన దాదాపు 50,000 మందిని. వాళ్లేమీ బడికి వెళ్లలేదురా, రాళ్లు కొట్టే చోటికి, రోడ్ల మీదకి, అంతకంటే ఘోరమైన వాటికీ పోయారు. 1995లో ఫ్యాక్టరీల సంఘం, ఐఎల్ఓ, యూనిసెఫ్ ఒప్పందం చేసుకుని, బడిలో చోటు చూపించాకే పనిలోంచి తీయాలని, పోయిన జీతానికి బదులు నెలనెలా కొంత డబ్బు ఇవ్వాలని పెట్టుకునే దాకా ఫ్యాక్టరీలు శుభ్రంగా ఉన్నాయి, పిల్లలు మాత్రం అంతకుముందుకంటే అన్యాయమైపోయారు. నువ్వు రేపు నేను చూసిన ఆ చేను రైతుకి ఫోన్ చేసి "పిల్లల్ని పెట్టకు" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే ఆ పన్నెండేళ్ల పిల్ల పక్క చేలో కోస్తుంది.

మన దగ్గరే ఇంకో సంగతి ఉంది, సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు క్రాసింగ్ పనికి ఎక్కువగా ఆడపిల్లల్నే పెట్టేవాళ్లు, పొద్దున్నే పువ్వుల మీద పుప్పొడి రాయాలి, నెలల తరబడి రోజూ అదే పని. విత్తన కంపెనీ ఇచ్చే ధరలో పెద్దవాళ్ల కూలి గిట్టదని రైతులు మొత్తుకునేవాళ్లు. 2000 తర్వాత బయట నుంచి ఒత్తిడి వచ్చాక కొన్ని కంపెనీలు పిల్లల్ని పెట్టని రైతుకి ధర మీద బోనస్ ఇచ్చాయి. ధరలో ఆ కూలి ఇమడకపోతే ఎన్ని సంతకాలు పెట్టించుకున్నా కాగితమే మిగులుతుంది.

శాంతా సిన్హా గారి గురించి కూడా చెప్పాలి. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ ద్వారా వేలమంది పిల్లల్ని పనుల్లోంచి బడికి తెచ్చారు, 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్లు పెట్టుకున్న సూత్రం చాలా సూటిగా ఉంటుంది, బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే అని. ఏ పని ప్రమాదకరం, ఏది కాదు, ఎన్ని గంటలు అనే వాదన జోలికి పోకుండా బిడ్డ బడిలో ఉందా లేదా అనే చూశారు. ఎడం పడ్డ పిల్లల్ని తిన్నగా క్లాసులో పడేయకుండా బ్రిడ్జి కోర్సు క్యాంపుల్లో కొన్నాళ్లు ఉంచి వయసుకి తగ్గ తరగతిలో చేర్చేవాళ్లు. మన పనికి కూడా ఇదే కొలత సరిపోతుందని నాకనిపిస్తోంది.

నువ్వు అడిగావుగా, సెలవుల్లో అక్క పిల్లలు షెడ్డులో తొడిమలు తీస్తే తప్పా అని. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సొంత కుటుంబం పనిలో, అది ప్రమాదకరమైంది కానప్పుడు, బడి అయ్యాకో సెలవుల్లోనో సాయం చేయొచ్చని మినహాయింపు ఉంది. చట్టం ఒప్పుకుంటుందేమో గానీ మిరప ఘాటు దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. లేబుళ్లు అంటించనివ్వు, చాలు.

ఇక ఏం చేద్దామో చెబుతాను. నీకు ఏడాదికి కావలసింది పాతిక ముప్పై టిక్కీలు, అంటే మిరప బస్తాలు, అంతకు మించి లేదు. దానికి మిరప యార్డు, హోల్‌సేల్ షాపు అక్కర్లేదు, ఇద్దరు రైతులు చాలు. ప్రత్తిపాడు దగ్గర నాకు తెలిసిన రైతు ఒకాయన ఉన్నాడు, తేజ రకం మిరప వేశాడు, మాట మీద నిలబడే మనిషి. ఆయనతో కిలో లెక్క మాన్పించి రోజు కూలి మీద పెద్దవాళ్ల చేత కోయిద్దాం, దానికి ఎంత ఎక్కువైతే అంత మనం ధరలో కలిపి ఇద్దాం. నీ కారం కిలో మీద కొంత పెరుగుతుంది, ఆ పెరిగింది దేనికో కొనేవాళ్లకి చెప్పు, విజయవాడలో వినేవాళ్లు లేరనుకోకు, ఇప్పటిదాకా వాళ్లకి ఎవరూ చెప్పలేదు. కోతకి వచ్చిన కుటుంబాల పిల్లల్ని ఊళ్లో బడిలో ఆ మూడు నెలలు కూర్చోబెట్టుకోమని హెడ్మాస్టర్ని నేను అడుగుతాను. కర్నూలు వైపు వలస వెళ్లినవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి, వచ్చే ఏడు అక్కడే ఉంచేలా ఆ తల్లిదండ్రులతో మాట్లాడదాం. ఎవరైనా బెదిరించి పిల్లల చేత పని చేయిస్తున్నట్టు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడానికి నేను వెనకాడను, నువ్వూ వెనకాడకు.

పౌచ్ మీద ఆ గుండ్రటి ముద్ర తీసేయించు. ఆ చోటులో ఊరి పేరు, కోసిన నెల, కోతకి రోజు కూలి ఎంత ఇచ్చామో అంకె, నీ ఫోన్ నంబరు వేయించు. మనం చూసిందే రాద్దాం, చూడనిది రాయొద్దు.

కోతలు ఫిబ్రవరి మొదటి వారంలో మొదలవుతాయట. రెండో ఆదివారం తెల్లవారుజామున బండేసుకుని వచ్చెయ్, చెల్లెమ్మని కూడా తీసుకురా, ఆడవాళ్లతో తను మాట్లాడితే వాళ్లు మనతో చెప్పనివి చెబుతారు. నేను బస్టాండు దగ్గర ఉంటాను. రైతుకి మనం వస్తున్నట్టు చెప్పను.

అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
ప్రసాదు