మందు ఇవ్వలేదని నొచ్చుకోకండి, ముందు మీ తొట్టి నీళ్ళు తీసుకురండి

అందరికీ నమస్కారం. విజయవాడ గవర్నర్‌పేటలో మన చేపల షాపుకి ఏళ్ళ తరబడి వస్తున్నవాళ్ళకీ, ఈమధ్యే తొట్టి కొన్నవాళ్ళకీ కలిపి రాస్తున్నాను. ఈ నెల్లో ఇద్దరు ముగ్గురు కౌంటర్ దగ్గర నొచ్చుకుని వెళ్ళిపోయారు. చేపకి బాగోలేదు, మందు ఇమ్మంటే నీళ్ళు తెమ్మంటాడేంటని వాళ్ళ బాధ. ఆ రద్దీలో సరిగ్గా చెప్పలేకపోయాను. అసలు జరిగిందేమిటో, అందులో నా తప్పుతో సహా ఇప్పుడు చెప్తాను.

ఫిబ్రవరిలో సత్యనారాయణపురం నుంచి ఒకావిడ, ఐదో తరగతి చదివే వాళ్ళ పాప వచ్చారు. పాప పుట్టినరోజని రెండడుగుల తొట్టి, ఫిల్టర్, రెండు రెడ్ క్యాప్ ఓరాండాలు (తల మీద ఎర్రటి టోపీలా ఉండే గోల్డ్‌ఫిష్ రకం) ఇచ్చాను. తొట్టి, చేపలు ఒకే రోజు. మూడో వారంలో ఆవిడ ఫోన్లో వీడియో తీసుకుని షాపుకి వచ్చారు. చేప ఒక మూల అడుగున కూర్చుని ఉంది, వీపు మీది రెక్క ముడుచుకుంది, తోకలో సన్నటి ఎర్ర చారలు. నేను ఆ వీడియో అర నిమిషం కూడా చూడలేదు. ఇన్‌ఫెక్షన్ అన్నాను. యాంటీబయాటిక్ పొడి ఇచ్చాను. ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద పెట్టి బాగా పిండి కడగమన్నాను. రెండ్రోజులకి ఒక చేప చచ్చిపోయింది. రెండోది నీటి పైకొచ్చి నోరు తెరుచుకుని ఆయాసపడుతోందని పాప ఏడుస్తూ ఫోన్ చేసింది.

ఆ సాయంత్రం షట్టర్ దించేసి టెస్ట్ కిట్ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి. చూస్తే ఎవరికీ అనుమానం రాదు. చిన్న సీసాలో నీళ్ళు పట్టి, చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగితే పసుపుగా ఉండాల్సింది ముదురాకుపచ్చకి తిరిగింది. అమ్మోనియా లీటరుకి 4 మిల్లీగ్రాములు. ఉండాల్సింది సున్నా.

గోల్డ్‌ఫిష్ తన ఒంట్లోని అమ్మోనియాని ఎక్కువ భాగం మొప్పల గుండానే నీళ్ళలోకి వదులుతుంది. మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్ళినా వచ్చేది అదే. పాత తొట్టిలో స్పాంజి మీద, గులకరాళ్ళ మీద ఒక రకం బ్యాక్టీరియా స్థిరపడి ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల అంత ప్రమాదం లేదు, నీళ్ళు మారుస్తుంటే పోతుంది. అయితే ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను మొదటి రోజే చేపలు ఇచ్చాను. మూడో వారంలో అప్పుడప్పుడే పట్టుకుంటున్న బ్యాక్టీరియాని క్లోరిన్ నీళ్ళలో కడిగించాను. మిగిలినదాని మీద యాంటీబయాటిక్ పోయించాను. చేపకి జబ్బు లేదు. అది పీల్చే నీళ్ళే దాని మొప్పల్ని కాలుస్తున్నాయి. 14 ఏళ్ళుగా ఈ షాపు నడుపుతున్నాను, ఈ సంగతి తెలియనివాణ్ణి కాదు. సీసా తీసి ఇవ్వడం అలవాటైపోయి, అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఆ మాట ఆవిడకి ఆ రోజే చెప్పాను.

తర్వాత ఏం చేశామో వివరంగా రాస్తున్నాను, మీలో చాలామందికి ఇదే అవసరం పడుతుంది. మేడ మీద ట్యాంకు నీళ్ళు అప్పటికి గోరువెచ్చగా ఉన్నాయి, అవి పనికిరావు. మెట్ల కింద డ్రమ్ములో పట్టి ఉంచిన మున్సిపల్ నీళ్ళు తీసుకుని, క్లోరిన్ పోవడానికి హైపో కలిపి, థర్మామీటర్‌తో రెండు నీళ్ళూ సరిచూసుకుని సగం నీళ్ళు మార్చాం. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఇంకోటి పెట్టాం. లైటు ఆపి, తొట్టికి ఒక పక్క తువ్వాలు కప్పాం. మా ఇంట్లో తొట్టి ఉంది, అందులోకి ఏడాదిగా కొత్త చేప రాలేదు, కాబట్టి జబ్బు అంటుతుందన్న భయం లేదు. దాని ఫిల్టర్ నుంచి స్పాంజి ముక్క తెచ్చి వాళ్ళ ఫిల్టర్‌లో పెట్టాను. మర్నాటి నుంచి రోజూ మూడో వంతు నీళ్ళు మార్చమన్నాను.

ఉప్పు సంగతి చాలామంది తప్పుగా వింటున్నారు. గుప్పెడు వెయ్యండని చెప్తే సరిపోదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి నిండా పోస్తే 56 లీటర్లు. రాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45, 50 మధ్య ఉంటాయి. లీటరుకి ఒక గ్రాము చొప్పున 50 గ్రాముల కల్లుప్పు తూచి, సగం రాత్రి, సగం పొద్దున మగ్గులో కరిగించి పోశాం. ఉప్పు ఆవిరైపోదు. 15 లీటర్లు మారిస్తే ఆ 15 లీటర్లకి సరిపడా మాత్రమే మళ్ళీ వెయ్యాలి. ఇది తెలియక రోజూ పూర్తి లెక్క వేసి చేపని ఉప్పుచేప చేసినవాళ్ళు ఉన్నారు. తొట్టిలో మొక్కలు ఉంటే ఉప్పుకి అవి దెబ్బతింటాయి, చేపని వేరే టబ్బులోకి తీసి చెయ్యండి.

మూడు రోజులు మేత వద్దన్నాను. "ఆకలికి చచ్చిపోదా అంకుల్?" అని పాప అడిగింది. పోదమ్మా, పెద్ద గోల్డ్‌ఫిష్ వారం రోజులు తినకపోయినా తట్టుకుంటుంది, తినకుండా వదిలేసిన మేతే కుళ్ళి దాన్ని చంపుతుంది అన్నాను. పాప నోట్‌బుక్‌లో గీతలు గీసి రోజూ అమ్మోనియా ఎంతో రాసింది. నాలుగో రోజు నానబెట్టిన మేత గింజలు నాలుగు తిందట. ఆరో రోజు వాళ్ళమ్మగారు భయపడి ఫోన్ చేశారు: "తోక మీద, పొట్ట మీద నల్లమచ్చలు వచ్చాయండీ, జబ్బు పాకుతోందేమో." అమ్మోనియాకి కాలిన చోట మానేటప్పుడు గోల్డ్‌ఫిష్‌కి అలా నలుపు వస్తుంది. చాలామంది అక్కడే కంగారుపడి మళ్ళీ మందు పోస్తారు. మేం పొయ్యలేదు. ఎనిమిదో రోజు అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరిగింది. అప్పుడు ఆ ఉప్పే ఆదుకుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ని లోపలికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది. ఐదో వారానికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాయి. మచ్చలు మెల్లగా పోయాయి. మనిషి దగ్గరికొస్తే ఇప్పుడది అద్దం దగ్గరికి పరిగెత్తుకొస్తోంది. మొదట పోయిన చేపని మాత్రం నేను వెనక్కి తెచ్చివ్వలేను.

అప్పటినుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాను. చేపకి బాగోలేదని వచ్చిన ఎవరికైనా ముందు నీళ్ళ పరీక్ష, తర్వాతే మందు. పరీక్షకి డబ్బులు తీసుకోను. షాపులో మందుల అమ్మకం సగానికి పడిపోయింది, ఆ లోటు నాకు తెలుస్తూనే ఉంది. అయినా దీన్ని మార్చను.

అన్నీ నీళ్ళ వల్లే అని కూడా నేను అనడం లేదు. ఒళ్ళంతా, రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు వచ్చి, చేప రాళ్ళకేసి రుద్దుకుంటుంటే అది వైట్ స్పాట్, ఒక సూక్ష్మమైన పురుగు వల్ల వచ్చే జబ్బు. దానికి మందు కావాలి. ఆ పురుగు చర్మం కింద ఉన్నంతసేపు మందు దాన్ని ఏమీ చెయ్యలేదు, నీళ్ళలో ఈదే దశలోనే చంపుతుంది. అందుకే చుక్కలు రాలిపోగానే ఆపెయ్యకుండా ఇంకొన్ని రోజులు వాడమంటాం. మొన్న పటమట నుంచి ఒకాయన అదే మందు అడిగారు. ఫోటో చూస్తే చుక్కలు మొప్ప మూతల మీద, ముందు రెక్క అంచున వరసగా ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. అది జబ్బు కాదు. ఈడొచ్చిన మగ గోల్డ్‌ఫిష్‌కి జత కట్టే కాలంలో అలా వస్తాయి. ఆయన్ని ఉత్త చేతులతో పంపించాను, సంతోషంగానే వెళ్ళారు.

పొట్ట గుండ్రంగా ఉండే ఓరాండా, ర్యూకిన్ లాంటివి తలకిందులుగా తేలుతుంటే రెండు రోజులు పస్తు పెట్టండి. తర్వాత పచ్చి బఠాణీ ఉడికించి, పొట్టు తీసి, చిన్న ముక్కలు వెయ్యండి. గోల్డ్‌ఫిష్‌కి జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకే పోతుంది, ఒకేసారి ఎక్కువ పెడితే ఇబ్బంది పడుతుంది. రెండు నిమిషాల్లో తినేంత చాలు, ఆ గింజలు కూడా నానబెట్టి వెయ్యండి. ఇక పొట్ట ఉబ్బి, పొలుసులన్నీ పైకి లేచి నిలబడ్డ చేపని తీసుకొస్తే మాత్రం, బతికే అవకాశం తక్కువని ముందే చెప్పేస్తాను. అప్పటికి లోపలి అవయవాలు దెబ్బతిని ఒంట్లో నీరు చేరిపోయి ఉంటుంది. ఉప్పు, శుభ్రమైన నీళ్ళు, ప్రశాంతత ఇచ్చి చూద్దాం. ఆశ పెట్టి నాలుగు సీసాలు అమ్మను.

చేప పోతే ఇంటి మీది దిష్టి అది తీసుకుపోయిందని మన దగ్గర చాలామంది అంటారు. నమ్మకం మీది, దాని మీద నేను మాట్లాడను. ఒక్కటే అడుగుతాను, నెలకి ఒక చేప అలా పోతుంటే ఒక్కసారి నీళ్ళు చూపించండి. సరిగ్గా చూసుకుంటే గోల్డ్‌ఫిష్ పదేళ్ళు, పదిహేనేళ్ళు బతుకుతుంది. ఇంగ్లండ్‌లో ఒక ఇంట్లో 43 ఏళ్ళు బతికిన చేప గిన్నిస్ రికార్డుల్లో ఉంది.

నీళ్ళ గురించి ఇంకో పొరపాటు. తాగే 20 లీటర్ల క్యాన్లు తెచ్చి తొట్టిలో పోస్తున్నారు, శుభ్రమైనవి కదా అని. ఆర్‌వో నీళ్ళలో ఖనిజాలు చాలా తక్కువ, రోజులు గడిచేకొద్దీ పీహెచ్ పడిపోతుంది, మంచి బ్యాక్టీరియా పనిచెయ్యదు. గోల్డ్‌ఫిష్‌కి కాస్త ఖనిజాలున్న గట్టి నీళ్ళే మేలు. కృష్ణ నీళ్ళు క్లోరిన్ తీసి పొయ్యండి, లేదా మీ బోరు నీళ్ళు ఒకసారి నాకు చూపించి వాడండి.

ఇప్పుడు రోహిణి కార్తె. తొట్టి నీళ్ళు 33, 34 డిగ్రీలకి పోతున్నాయి. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 దగ్గర ఏడున్నరే కరుగుతుంది. పైగా వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. మేత తగ్గించండి, మూత తీసి వల కప్పి నీటి మీదికి ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఐసు ముక్కలు నేరుగా వెయ్యకండి. నీళ్ళు తెల్లవారుజామునే మార్చండి, మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్ళు కాగుతుంటాయి. కరెంటు పోతే మగ్గుతో తీసి జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పోస్తుండండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మన కస్టమరొకాయన చేపల్ని ప్లాస్టిక్ టబ్బులో పై అంతస్తుకి తీసుకెళ్ళి, మేత పెట్టకుండా, ఇంట్లోవాళ్ళు వంతులేసుకుని ఇలాగే మగ్గుతో పోస్తూ కాపాడుకున్నారు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం.

షాపులో వచ్చిన మార్పులు. చెన్నైలోని కొళత్తూరు నుంచి వచ్చిన చేపల్ని రెండు వారాలు వెనక తొట్లలో ఉంచి చూశాకే అమ్ముతున్నాం. కొత్త సరుకు కనబడుతోంది, ఎందుకివ్వవని అడక్కండి. తొట్టి, ఫిల్టర్ ముందు తీసుకెళ్ళండి, చేపలు తర్వాత. ఆగలేమంటే నడుస్తున్న స్పాంజి నేనే ఇస్తాను, ఒక్క చేపతో మొదలుపెట్టి, మూడు రోజులకోసారి నీళ్ళు పరీక్షకి తేవాలి.

గాజు గిన్నెల్లో గోల్డ్‌ఫిష్ అమ్మడం ఆపేశాను. పుట్టినరోజు రిటర్న్ గిఫ్ట్‌లకి పాతిక గిన్నెలు, పాతిక చేపలు అని ఆర్డర్లు వచ్చేవి, అవీ తీసుకోను. ఐదు లీటర్ల గిన్నెలో ఆ చేప ఎలా పోతుందో తెలిసి కూడా ఇన్నేళ్ళు ఇచ్చాను. ఇకముందు ఇవ్వలేను.

నీళ్ళు తెచ్చేవాళ్ళు కూల్‌డ్రింక్ సీసాలు వద్దు, మంచినీళ్ళ సీసా ఒకటి తొట్టి నీళ్ళతోనే రెండుసార్లు తొలిచి, మధ్యలోంచి ముంచి నిండా పట్టండి, ఆ పూటే తీసుకురండి. తొట్టి కొలతలు, ఎన్ని చేపలు, చివరిసారి నీళ్ళు ఎప్పుడు మార్చారో రాసుకొస్తే ఇంకా మంచిది. పొద్దున పదకొండు లోపు వస్తే నాకు కాస్త తీరిక ఉంటుంది.

నా దగ్గర గిన్నె కొన్నవాళ్ళు ఇంకా అందులోనే చేపని పెంచుతుంటే ఆ గిన్నె వెనక్కి తీసుకురండి. దాని ధర మొత్తం కొత్త తొట్టిలో తగ్గిస్తాను. రసీదు అక్కర్లేదు. తొట్టి సిద్ధమయ్యేదాకా చేపని షాపులోనే విడిగా ఉంచి చూసుకుంటాను.