హాస్టల్లో ఉన్న అమ్మాయికి, ఓటు సంగతి

చి. లావణ్యకి అమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "ఒక్క ఓటుతో ఏమవుతుందమ్మా, ఆ ఫారాలన్నీ ఎవరు నింపుతారు?" అన్నావు. బస్సెక్కే హడావిడిలో ఉండి అప్పుడేమీ అనలేదు. అంగన్‌వాడీ సెంటర్ మూశాక ఓటరు లిస్టు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగే బీఎల్వో (బూత్ లెవల్ ఆఫీసర్) కూతురు అనాల్సిన మాటేనా అది?

2008 అసెంబ్లీ ఎన్నికల్లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నాయకుడు సి.పి. జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఆ కథ చెప్పి నిన్ను ఒప్పించాలని లేదు. నీ ఓటు మీద ఫలితం తేలే రోజు నీ జన్మలో రాకపోవచ్చు. ఎన్నికల ముందు పార్టీలవాళ్ళు లిస్టు ముందేసుకుని, ఏ వీధిలో ఎన్ని ఓట్లున్నాయో వేలు పెట్టి లెక్కపెట్టుకోవడం నేను ఏళ్ళుగా చూస్తున్నాను. ఓట్లున్న వీధికి కనీసం కుళాయి గోడు వినడానికైనా వెళ్తారు. సగం మంది వలసపోయి పేర్లు ఎగిరిపోయిన పేట దగ్గర బండి కూడా ఆపరు. వాళ్ళని మన గుమ్మం దాకా రప్పించేది లిస్టులో ఉన్న పేరు.

ఆ పేరు ఊరికే వచ్చింది కాదు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఆస్తో, పన్ను రసీదో, చదువో ఉంటేనే ఓటు. రాజ్యాంగం వచ్చాక 21 ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ ఇచ్చారు, 1989లో దాన్ని 18కి దించారు. 1951-52లో జరిగిన మొదటి ఎన్నికల లిస్టు సంగతి మాత్రం నీకు చెప్పి తీరాలి. ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్ళు పేరడిగితే ఫలానావాడి పెళ్ళాన్ని, ఫలానావాడి తల్లిని అని రాయించారు. సొంత పేరు లేకుండా కుదరదన్నారు అప్పటి ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్. చివరికి దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. చదివినప్పుడు ప్రాణం ఉసూరుమంది, కానీ ఆయన చేసిందే సరైన పని అంటాను. ఇప్పటికీ నేను కొత్త కోడలి పేరడిగితే గుమ్మంలోంచి అత్తగారే జవాబు చెబుతుంది. "ఆ పిల్లని ఒకసారి పిలవండి, తన నోటితో చెప్పనివ్వండి" అంటాను. కొందరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ.

ఇంక బాధ్యత. రాజ్యాంగం 51-ఎ అధికరణం కింద ఉన్న 11 ప్రాథమిక విధులూ పరీక్షకి బట్టీ పట్టావు కదా, వాటిలో ఓటెయ్యడం లేదు, చూసుకో. కాబట్టి వెయ్యకపోతే నిన్నెవరూ శిక్షించరు. నేననే బాధ్యత పోలింగు రోజుది కూడా కాదు. ముసాయిదా లిస్టు బూత్ దగ్గర అంటించినప్పుడు దాని ముందు నిలబడి చదివేవాళ్ళు ఊరు మొత్తానికి నలుగురుండరు. తీరా పోలింగు నాడు పేరు లేదని నా మీద ఇంతెత్తున లేస్తారు.

పోయినసారి లిస్టు సవరణలో మన వెనక వీధి మామ్మగారి మీద ఎవరో ఫారం-7 పెట్టారు, శాశ్వతంగా ఊరు వదిలి వెళ్ళిపోయారు, పేరు తీసెయ్యండని. విచారణకి వెళ్తే ఇల్లు తాళం. పక్కింటివాళ్ళేమో "కొడుకు దగ్గరికెళ్ళారు, వచ్చేస్తారు" అన్నారు. నోటీసు ఇచ్చి, ఆ పేరుగల మనిషి మాట వినకుండా పేరు తీసెయ్యకూడదు కాబట్టి మళ్ళీ వెళ్ళాను. ఆవిడే తలుపు తీసి, "నేనెక్కడికి పోయానే? కంటి ఆపరేషన్‌కి వెళ్ళొచ్చాను" అని నన్నే గదమాయించింది. పక్కింటివాళ్ళు నాకెందుకులే అనుకుని "ఏమో, తెలీదు" అని ఉంటే ఆ నోటీసు తాళం వేసిన తలుపుకే అంటించాల్సి వచ్చేది. తప్పుడు డిక్లరేషన్ ఇచ్చినవాళ్ళకి ఏడాది దాకా జైలు ఉందని చట్టంలో రాసే ఉంది, రాసి ఏం లాభం అనుకో.

డబ్బు గురించి కూడా ఒక మాట. ఓటుకి నోటు ఇచ్చినవాడే కాదు, పుచ్చుకున్నవాడూ నేరస్థుడే. "అందరి దగ్గరా తీసుకుని నచ్చినవాడికే వేస్తాం" అనే తెలివి మీ హాస్టల్లోనూ వినిపిస్తుంది. రేపు రోడ్డు వెయ్యలేదేమని అడగబోతే "అప్పుడే లెక్క తేలిపోయిందిగా" అంటాడు ఆ డబ్బిచ్చి గెలిచినవాడు. ఆ మాట ముందు నువ్వు నోరెత్తలేవు. అడగడానికి దారులు లేక కాదు. సమాచార హక్కు దరఖాస్తుకి పంచాయతీలో పైసా ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి.

సరే, పని విషయానికొద్దాం. సెప్టెంబరులో నీకు 18 నిండుతాయి. ఓటుకి 18 నిండాయా అని చూసే తేదీ ఇదివరకు జనవరి 1 ఒక్కటే, ఇప్పుడు ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 కూడా ఉన్నాయి, కాబట్టి నీది అక్టోబరు లెక్కలోకి వస్తుంది. కొత్తగా పేరు చేర్చమనే ఫారం-6 ముందే పెట్టుకోవచ్చు. మన ఊళ్ళో పెట్టుకుంటావో, చదువుకునే చోట పెట్టుకుంటావో నీ ఇష్టం, రెండు చోట్లా మాత్రం కుదరదు. నన్నడిగితే అక్కడే పెట్టుకో. ఏడాదిలో పది నెలలు తాగేది ఆ నీళ్ళు, నడిచేది ఆ రోడ్డు. నీ ఫారం నేను నింపను, మీ నాన్నా నింపరు. అక్కడి బీఎల్వో విచారణకి వస్తే గదిలోనే ఉండు, కాసిని మంచినీళ్ళు ఇవ్వు.

అమ్మ