పౌర్ణమి మర్నాటి ఫొటో

తాళ్ళరేవు,
ఆదివారం రాత్రి

ప్రియమైన సత్యం,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. మూడు వారాలుగా కోరంగి మడ అడవిలోనే తిరుగుతున్నాను. ఎన్ని బకెట్ల నీళ్ళు పోసుకున్నా ఒంటికి పట్టిన బురద వాసన వదలడం లేదు.

“ఇక పరిశోధన అంతా కంప్యూటరే చేసేస్తుందట కదా, నీకింకా అడవులెందుకు?” అని అడిగావు. నిన్న జరిగింది విను.

సెంటినెల్-2 ఉపగ్రహాలు ఐదు రోజులకోసారి మన గోదావరి డెల్టాను ఫొటో తీస్తాయి. అందులో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల చదరం. ఆకులు తిప్పికొట్టే పరారుణ కాంతి కూడా అందులో నమోదవుతుంది. ఏది మడ, ఏది రొయ్యల చెరువు గట్టు, ఏది సరుగుడు తోట అని మేం తిరిగి చూసి గుర్తులు పెట్టి కంప్యూటర్‌కు నేర్పాం. కొన్ని గుర్తులు దాచి పరీక్ష పెడితే దాదాపు అన్నీ సరిగ్గా చెప్పింది. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

నిన్న ఆ పటం పట్టుకుని పడవెక్కాను. ఒక పాయ మలుపులో పటం ఉత్త నీళ్ళు చూపిస్తోంది. ఎదురుగా చూస్తే మోకాలెత్తు తెల్లమడ మొక్కలు! వాటి చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళలా పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ళు. పటం చూపిస్తే పడవ బాబాయ్ ఒక్కటే అడిగాడు: “ఈ ఫొటో ఏ తిథి నాడు తీశారు బాబూ?”

లెక్కేస్తే పౌర్ణమి మర్నాడు. ఉపగ్రహం వచ్చేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. ఆ వేళకు పోటు నిండుగా ఉండి, ఈ పిల్ల మొక్కలు తల కూడా కనబడకుండా మునిగిపోతాయట.

మరి పరీక్షలో ఇదెందుకు బయటపడలేదు? పక్కపక్క చుక్కల్లో ఒకటి నేర్పి ఇంకొకటి అడిగాను. ప్రశ్నపత్రం ముందే చూపించినట్టయింది. పైగా అన్నీ పడవ సులువుగా వెళ్ళే చోట్లే, పెద్ద చెట్లే.

నీ ఉత్తరంలో చెప్పిన ఆల్ఫాఫోల్డ్‌నే చూడు, ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే కంప్యూటర్ ప్రోగ్రాం. 2024 రసాయన శాస్త్ర నోబెల్‌లో సగం దానికే దక్కింది, ఆ పనంటే నాకూ ఎంతో గౌరవం. అది నేర్చుకున్నది 1971 నుంచి శాస్త్రవేత్తలు ఒక్కొక్కటిగా కొలిచి ప్రొటీన్ డేటా బ్యాంకులో దాచిన ఆకారాల నుంచి. 2020లో నెగ్గిన పరీక్ష కూడా, కొలిచినా ఇంకా బయటపెట్టని ఆకారాలతో పెట్టినది. నాకు కావలసిన పరీక్ష అలాంటిదే.

అందుకే ఒక పాయను పూర్తిగా పక్కన పెట్టేశాను, దాని గుర్తులు కంప్యూటర్‌కు చూపించను. బాబాయ్ పోటు పాటుల వేళలు చెబుతుంటే ఫొటో తేదీల పక్కన రాసుకుంటున్నాను. రేపు తెల్లవారుజామున మళ్ళీ ప్రయాణం.

సంక్రాంతికి తప్పకుండా రా. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు తెచ్చుకో.

నీ
మూర్తి