వార్షిక నివేదిక: ఫాల్కన్ నౌక అధ్యయనంలో గడిచిన సంవత్సరం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

ఏడాదికి ఒక ఓడ చరిత్రను నిదానంగా చదువుకోవాలని మన సంఘం పెట్టుకున్న నియమం ప్రకారం, ఈసారి రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అమెరికా నౌకాదళంలో పనిచేసిన ఫాల్కన్ అనే మైన్‌స్వీపర్‌ను, అంటే సముద్రంలో పరచిన పేలుడు మైన్లను ఏరివేసే ఓడను తీసుకున్నాం. పేరున్న యుద్ధనౌకలు ఎన్నో ఉండగా సముద్రంలో మైన్లు ఏరే ఓడ ఎందుకని తొలి సమావేశంలో కొందరు సభ్యులు అడిగారు. యుద్ధం లేని రోజుల్లో ఒక నౌక ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదన్నది కార్యవర్గం అభిప్రాయం.

పక్షుల పేర్లు పెట్టిన లాప్‌వింగ్ తరగతికి చెందిన ఈ ఓడ పొడవు సుమారు 188 అడుగులు, బరువు 950 టన్నులు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మర్నాడు, అంటే 1918 నవంబరు 12న, ఇది సేవలో చేరింది. ఉత్తర సముద్రంలో జర్మన్ జలాంతర్గాములకు అడ్డుగా అమెరికా, బ్రిటన్ కలిసి పరచిన దాదాపు 70,000 మైన్లను తొలగించే పనికి 1919లో ఇది స్కాట్లండ్‌లోని కిర్క్‌వాల్ వెళ్లింది. అమెరికన్ మైన్లకు పొడవాటి రాగి తీగ ఉండేది. ఓడ ఉక్కు అడుగు ఆ తీగకు తగిలితే ఉప్పునీటిలో విద్యుత్తు పుట్టి మైను పేలేది. అందువల్ల ఏరివేతకు వెళ్లే ఓడలకు ముందుగా విద్యుత్ రక్షణ అమర్చవలసి వచ్చింది.

మైన్లు ఏరడానికి కావలసిన లాగుడు బలం, బరువైన తాళ్లను దించి ఎత్తే ఏర్పాట్లు శాంతికాలంలో జలాంతర్గాముల రక్షణకు పనికివచ్చాయి. 1925 సెప్టెంబరు 25న అమెరికా తూర్పు తీరంలోని బ్లాక్ ఐలండ్ దగ్గర సిటీ ఆఫ్ రోమ్ అనే ప్రయాణికుల ఓడ ఢీకొని ఎస్-51 అనే అమెరికా జలాంతర్గామి మునిగిపోయింది. 36 మందిలో ముగ్గురే బతికారు. సుమారు 130 అడుగుల లోతు నుంచి ఆ జలాంతర్గామిని పైకి తేవడానికి ఫాల్కన్ డైవర్లు నీటి జెట్‌తో దాని అడుగున సొరంగాలు తవ్వి, వాటిలోంచి గొలుసులు దూర్చి, ఇరువైపులా నీటితో నింపి ముంచిన పాంటూన్లలోకి (తేలడానికి వాడే పెద్ద బోలు తొట్లలోకి) గాలి పంపి నీటిని తోసివేశారు. శీతాకాలంలో ఆగిన పని 1926 జులై 5న ఫలించింది. గాలి నీటిని తోసే తీరును షిప్‌యార్డులో పనిచేసి విరమించిన మన సభ్యులొకరు నీళ్ల తొట్టిలో బోర్లించిన స్టీలు గ్లాసుతో చూపించారు. పిల్లలు వచ్చిన ఏకైక సమావేశం అదే కావడంతో ఆ ప్రదర్శనను ప్రత్యేకంగా ప్రస్తావిస్తున్నాం.

ఎస్-51ను వెతకడానికి వెళ్లిన జలాంతర్గామి అధికారి చార్లెస్ మామ్‌సెన్, లోపల చిక్కుకున్నవారిని పైకి తెచ్చే గంట ఆకారపు గదిని ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదన పక్కన పడింది. ఇంతలో 1927 డిసెంబరు 17న మసాచుసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్ వద్ద ఎస్-4 అనే మరో జలాంతర్గామి మునిగింది. మర్నాడు ఫాల్కన్ నుంచి దిగిన డైవర్ సుత్తితో కొడితే, ముందు గదిలో బతికి ఉన్న ఆరుగురు లోపలి నుంచి కొట్టి బదులిచ్చారు. జలాంతర్గామిని వెంటనే పైకి తేవచ్చన్న ఆశతో గాలిగొట్టాన్ని ఆ గదికి కాక బాలాస్ట్ ట్యాంకులకు (నీరు నింపి ముంచడానికి, గాలి నింపి తేల్చడానికి వాడే ట్యాంకులకు) కలిపారు. ప్రయత్నం ఫలించలేదు, ఆపైన తుపాను డైవర్లను దిగనీయలేదు. ఆ రాత్రే నీటి అడుగున చిక్కుకున్న తోటి డైవర్ మైకేల్స్‌ను టామ్ ఈడీ ప్రాణాలకు తెగించి విడిపించాడు గానీ, లోపలివారు కొడుతున్న చప్పుళ్లు క్రమంగా ఆగిపోయాయి. మొత్తం 40 మందీ చనిపోయారు. ఈ భాగం చదివిన రోజు మన సమావేశంలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పక్కన పెట్టిన ఆ ప్రతిపాదన గురించి ఇప్పుడు చదువుతున్నా మనసుకు కష్టంగానే ఉంటుంది.

అదే ఎస్-4ను 1928లో పైకి తీసి, రక్షణ పరికరాలను పరీక్షించడానికి వాడారు. 1929లో ఫాల్కన్‌ను అధికారికంగా జలాంతర్గామి రక్షణ నౌకల వర్గంలోకి మార్చారు. మామ్‌సెన్ ఆలోచనకు మరో నౌకాదళ అధికారి అలెన్ మెక్‌కాన్ పూర్తి రూపమిచ్చిన ఆ ఉక్కు గది, 1939 మే 23న పరీక్షా నిమజ్జనంలో స్క్వాలస్ అనే జలాంతర్గామి 240 అడుగుల లోతుకు మునిగినప్పుడు పనికివచ్చింది. వెనుక గదుల్లో నీరు నిండి 26 మంది చనిపోగా, ముందువైపు 33 మంది మిగిలారు. డైవర్ మార్టిన్ సిబిట్‌స్కీ హ్యాచ్‌కు (జలాంతర్గామి పైనున్న మూత ద్వారానికి) తీగ బిగించాక, ఆ తీగ వెంట దిగిన గది హ్యాచ్ మీద కూర్చుంది. అడుగున ఉన్న నీటిని తొలగించగానే బయటి నీటి ఒత్తిడే దాన్ని గట్టిగా అదిమిపట్టింది. నాలుగు విడతల్లో 33 మందీ పైకి వచ్చారు. చివరి విడతలో తీగ చిక్కుపడి పోగులు తెగిపోతుంటే, ఫాల్కన్ సిబ్బంది గదిని చేతులతో లాగారు. ఆ పని అర్ధరాత్రి దాటాక ముగిసింది. ఆపైన ఆరు వందలకు మించి మునకలు వేసి, డైవర్ల శ్వాసకు హీలియం, ఆక్సిజన్ మిశ్రమాన్ని వాడి, సెప్టెంబరు 13న స్క్వాలస్‌ను అమెరికాలోని పోర్ట్స్‌మత్ నౌకాదళ యార్డుకు చేర్చారు. నలుగురు డైవర్లకు అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ దక్కింది.

ఈ అధ్యయనానికి విశాఖపట్నంతో ఉన్న సంబంధాన్ని చివరి సమావేశంలో చర్చించాం. హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారై 2025 జులై 18న నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ నిస్తార్ ఇలాంటి రక్షణ బాధ్యతలకే ఉద్దేశించిన నౌక. అదే పేరున్న పాత నౌక డైవర్లు 1971లో విశాఖ తీరం దగ్గర మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ శకలాలను పరిశీలించారు. వచ్చే సంవత్సరం అధ్యయనానికి ఆ పాత నిస్తార్‌నే తీసుకోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తూ, సర్వసభ్య సమావేశం ఆమోదాన్ని కోరుతున్నది.