ఆ రెండో కుర్చీలో ఎవరినైనా కూర్చోబెట్టండి, మంత్రిగారూ

పౌర విమానయాన శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ జవాబు రాలేదని అబద్ధమాడను. వచ్చింది. మూడుసార్లూ ఒకటే వాక్యం: "మీ అర్జీ తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగానికి పంపడమైనది." ఆ సంబంధిత విభాగం మాదే. అర్జీ ఊరంతా తిరిగి మా ఆఫీసుకే వచ్చింది. పై అధికారి నన్ను పిలిచి "మళ్లీ రాశావా?" అని ఫైల్లో పెట్టేశారు. అందుకని ఈసారి కవర్లో పెట్టకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాను.

సంగతి మీకు తెలిసిందే. దిగడానికి వచ్చే విమానాలను వరసలో పెట్టే అప్రోచ్ రాడార్ దగ్గర రెండో మనిషి కావాలి. పోయినేడాది మీరు మా సెంటర్‌కి వచ్చినప్పుడు ఆ ఖాళీ కుర్చీ వెనకే నిలబడి ఫొటో దిగారు. "త్వరలోనే నిండుతుంది" అన్నారు. మీ మాట పోలేదు, నిండింది. పాత హెడ్‌సెట్ల డబ్బా ఒకటి దాని మీద కూర్చుంది.

ఇన్నాళ్లూ ఒక్కరితోనే నడుస్తోంది కదా, ఏమీ కాలేదు కదా అని మీవాళ్ల వాదన. ఆ ఒక్కరూ చేసేదేమిటో చెప్తాను. నాలుగు దిక్కుల నుంచీ వచ్చే విమానాలన్నిటినీ ఒకే రన్‌వేకి ఒకే వరసలో తేవాలి. ఏ రెంటి మధ్యనైనా 3 నాటికల్ మైళ్ల (దాదాపు ఐదున్నర కిలోమీటర్ల) దూరమో, 1,000 అడుగుల ఎత్తు తేడానో ఉండి తీరాలి. భారీ విమానం వెనక చిన్నది వస్తుంటే, ముందుది వదిలే గాలిసుడుల వల్ల ఇంకాస్త ఎడం. 3 మైళ్లంటే వినడానికి చాలా దూరమే. 180 నాట్ల వేగంతో, అంటే గంటకు 180 నాటికల్ మైళ్లు పోయే విమానానికి అది ఒక్క నిమిషం. చెరో 250 నాట్లతో రెండు ఎదురెదురుగా వస్తుంటే 22 సెకన్లు. ఆ 22 సెకన్లలో నేను చూడాలి, చెప్పాలి, పైలట్ తిరిగి చెప్పింది (రీడ్‌బ్యాక్) వినాలి, విమానం మలుపు తిరగాలి. ఈలోగా టవర్ నుంచి ఫోన్ మోగుతుంది. ఎవరెత్తాలి? రెండో మనిషి. ఆ రెండో మనిషి ఎవరు? నేనే.

ఫోనెత్తడానికి ఇంకో మనిషి దేనికని నవ్వకండి. ఆ మనిషి ఉండేది ఇంకో జత చెవుల కోసం. మొన్నామధ్య సాయంత్రం రద్దీలో ఒకే ఎయిర్‌లైన్‌వి రెండు విమానాలు నా దగ్గరున్నాయి. ఒకటి 425, అవతలి దిక్కున 452. 425ని 6,000 అడుగులకు దిగమన్నాను. ఇద్దరూ ఒకేసారి జవాబిచ్చారు. రెండు గొంతులు ఒకే ఫ్రీక్వెన్సీలో కలిస్తే మాటలుండవు, గీచుకుపోయిన చప్పుడు మాత్రమే. అప్పుడే ఫోన్. ఆ చప్పుడు చివర "సిక్స్ థౌజండ్" అని చెవినపడితే సరే అనుకున్నాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. రాడార్ రెండు చుట్లు తిరిగేసరికి చూద్దును కదా, 425 ఎక్కడున్నది అక్కడే ఉంది. దిగుతున్నది 452. దాని కింద 7,000 అడుగుల్లో ఇంకో విమానం అడ్డంగా పోతోంది. రాడార్ తెర మీద 452 లేబుల్‌లో ఎత్తు అంకె, వందల అడుగుల్లో, 79, 78, 77. తర్వాత ప్రమాద హెచ్చరికగా రెండు లేబుళ్లూ ఎర్రబడ్డాయి. కింది దాన్ని వెంటనే ఎడమకు తిప్పాను, పైదాన్ని దిగడం ఆపి మళ్లీ ఎక్కమన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. చేతిలో పెన్నే నిలవలేదు. రిపోర్టు నేనే రాసిచ్చాను. దాని మీద వచ్చిన ప్రశ్న ఒక్కటే: "రీడ్‌బ్యాక్ సరిగా ఎందుకు వినలేదు?" పక్క కుర్చీలో ఎవరున్నారని ఎవరూ అడగలేదు.

విమానాల్లో టీకాస్ ఉంది కదా, ఇంకో విమానం దగ్గరపడితే పైలట్‌కి ఎక్కమనో దిగమనో అదే చెప్తుంది కదా అంటున్నారట మీ దగ్గర. ఉంది. దానికి రోజూ మనసులో దణ్ణం పెట్టుకునేవాణ్ణి నేను. కానీ నేలకు సుమారు 1,000 అడుగుల లోపు అది ఎక్కమనీ దిగమనీ చెప్పదు. నేల దగ్గర అలా చెప్పడమే ప్రమాదమని కావాలనే అలా తయారుచేశారు. 2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో దిగబోతున్న విమానమూ సైనిక హెలికాప్టరూ గుద్దుకున్నది 300 అడుగుల ఎత్తు దగ్గర. 67 మంది పోయారు. ఆ రాత్రి టవర్లో విమానాలనూ హెలికాప్టర్లనూ చూస్తున్నది ఒకే కంట్రోలర్.

ఖాళీ కుర్చీల చరిత్ర పాతదే. 1976 సెప్టెంబరు 10న అప్పటి యుగోస్లావియాలోని జాగ్రెబ్ కంట్రోల్ సెంటర్లో డ్యూటీ మారాల్సినవాడు ఆలస్యమయ్యాడు, అతన్ని వెతకడానికి తోటివాడు లేచి వెళ్లాడు, మిగిలినవాడు ఒంటరిగా కూర్చున్నాడు. రెండు విమానాలు ఆకాశంలో గుద్దుకున్నాయి. 176 మంది పోయారు. కంట్రోలర్లలో జైలుకు వెళ్లింది ఆ కూర్చున్నవాడొక్కడే. 2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఊబర్‌లింగెన్ మీద ఆకాశాన్ని చూస్తున్న కంట్రోలర్‌కి రెండు స్క్రీన్లు. తోటి మనిషి విశ్రాంతికి వెళ్లాడు. మెయిన్ ఫోన్ లైన్ మరమ్మతులో ఉంది. ఆలస్యంగా వచ్చిన ఒక ఎయిర్‌బస్‌ని దించడానికి అతను రెండో స్క్రీన్‌కి తిరిగితే, మొదటి స్క్రీన్ మీద రెండు విమానాలు ఒకే ఎత్తులో దగ్గరపడ్డాయి. చివరి నిమిషంలో ఒకదాన్ని దిగమన్నాడు. దానిలోని టీకాస్ ఎక్కమంది. పైలట్లు మనిషి మాటే విన్నారు. రెండోదానికి దాని టీకాస్ దిగమనే చెప్పింది. రెండూ గుద్దుకున్నాయి. 71 మంది పోయారు, అందులో 52 మంది పిల్లలు. ఒక్కరినే వదిలి విశ్రాంతికి వెళ్లడం అక్కడ ఏళ్లుగా నడుస్తున్నదే, పైవాళ్లకు తెలిసిందే. 2007లో ఆ కంట్రోల్ సంస్థకు చెందిన నలుగురిని కోర్టు దోషులని తేల్చింది. ఈ ఒక్క వాక్యాన్ని మీ కార్యదర్శిగారికి ప్రత్యేకంగా చదివి వినిపించగలరు.

నేనడిగేది ఒక మనిషిని. రోజంతా వీలుకాకపోతే రద్దీ వేళల్లో. అదీ వీలుకాకపోతే గంటకు దించే విమానాలు తగ్గించండి, కొన్ని ఆలస్యమవుతాయి, జనం మిమ్మల్ని తిడతారు, ఓర్చుకోండి. మేం ఓర్చుకోవడం లేదా? ఇవాళ ఎవర్ని తీసుకున్నా, శిక్షణ పూర్తయి ఆ కుర్చీలో కూర్చోడానికి చాలా కాలం పడుతుంది. ఆ లెక్కన మొదటి ఉత్తరానికే కదిలి ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు నా పక్కన నేర్చుకుంటూ ఉండేవారు. దయచేసి ఒక్క మనిషిని ఇవ్వండి. దీన్ని మాత్రం సంబంధిత విభాగానికి పంపకండి.

ఇట్లు,
ఒక అప్రోచ్ కంట్రోలర్

తా.క.: మీరు మళ్లీ వస్తున్నారని తెలిస్తే ఆ డబ్బా ముందురోజే తీసేసి కుర్చీ తుడుస్తారు. చెప్పకుండా రండి.