వచ్చే నెల నవల గురించి

అందరికీ వందనాలు. వచ్చే నెల మనం కలిసి చదవడానికి ఫ్రాన్సీన్ రివర్స్ ‘రిడీమింగ్ లవ్’ అనుకున్నాం కదా. 1991లో వచ్చిన నవల. కథాకాలం 1850 ప్రాంతం, బంగారం కోసం జనం కాలిఫోర్నియాకి ఎగబడిన రోజులు. చిన్నప్పుడే వ్యభిచార కూపంలోకి అమ్ముడుపోయిన ఏంజెల్‌ని మైకేల్ హోషేయ అనే రైతు పెళ్ళాడతాడు. ఇంటిపేరు చూస్తేనే తెలిసిపోతోందిగా, ఇది బైబిల్లోని హోషేయ ప్రవక్త, అతణ్ణి విడిచిపోయిన భార్య గోమెరుల కథే! అందుకని ముందు హోషేయ గ్రంథం మొదటి మూడు అధ్యాయాలు చదువుకోండి. చిన్నవే. మూడో అధ్యాయంలో ప్రవక్త వెండీ యవలూ ఇచ్చి ఆమెను కొనుక్కునే చోట కాస్త ఆగండి, నవలంతా అక్కడి నుంచే పుట్టింది.

నన్నడిగితే మైకేల్ మరీ మంచివాడు, నమ్మబుద్ధి కాదు. మళ్ళీ మళ్ళీ పారిపోయే ఏంజెలే అసలు మనిషి.

మొదట్లో చిన్నపిల్ల మీద జరిగే దారుణాలున్నాయి, ఇంట్లో పిల్లల చేతికి ఇవ్వకండి. అంత బరువు వద్దనుకునే అక్కలు జెనెట్ ఓక్ ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ (1979) చదవచ్చు. పడమటికి వలస వెళ్ళే దారిలో భర్తను పోగొట్టుకున్న మార్టీ, కూతురున్న క్లార్క్‌ని గత్యంతరం లేక పెళ్ళాడే కథ.

ముగింపు మాత్రం ఎవరూ ముందే గ్రూపులో పెట్టొద్దు!