జూన్ 21న నీడ దక్షిణానికి

సంపాదకులకు నమస్కారం.

జూన్ 21 అనగానే మన జిల్లాలో యోగా కార్యక్రమాలే కనిపిస్తాయి. మంచిదే. అయితే ఏడాదిలో పగలు అన్నిటికంటే పొడవుగా ఉండేదీ దాదాపు ఆ రోజే. శ్రీకాకుళంలో పగలు 13 గంటల పావు దాకా ఉంటే, స్టాక్‌హోంలో 18 గంటలు దాటుతుంది. అందుకే స్వీడన్ వాళ్లకు అది పెద్ద పండగ. పూలు, ఆకులు చుట్టిన స్తంభం నిలబెట్టి దాని చుట్టూ ఆడతారు, కొత్త బంగాళాదుంపలు తింటారు. ఎండకు మొహం వాచినవాళ్లు మరి! రోహిణి కార్తె దాటొచ్చిన మనకు అంత సరదా ఎక్కడిది? మన సందడంతా ఏరువాక పున్నమికే.

అయినా అరసవల్లి సూర్యుడున్న ఊరు ఆ రోజును ఊరికే వదిలేయడం బాగోలేదు. మార్చి, అక్టోబరుల్లో స్వామి పాదాలను తాకే కిరణాల కోసం తెల్లవారకముందే బారులు తీరతాం కదా. జూన్ 21న మధ్యాహ్నం పన్నెండుకు కాస్త ముందు బడి ఆవరణలో మీటరు కర్ర నిటారుగా పాతితే, సుమారు 9 సెంటీమీటర్ల నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా ఏడాదిలో ఎక్కువ కాలం మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే. అప్పటికి బడులు తెరిచే ఉంటాయి, ఖర్చు లేదు. పిల్లలకు ఈ నీడ చూపించమని విద్యాశాఖ ఒక్క సర్క్యులర్ పంపితే చాలు. మబ్బు పడితే మరుసటి రోజు చూసినా నీడలో తేడా తెలియదు.

- ఒక పాఠకుడు, శ్రీకాకుళం